సిరొంకా రేడియో ఎందుకు పలకదు

"రేడియో చెడిపోలేదు తమ్ముడూ. చెడిపోయిందని నీకు ముచిరి చెప్పుంటాడు. వాడు పదకొండేళ్ళుగా అదే మాట చెప్పుకుతిరుగుతున్నాడు. శుభ్రంగా పనిచేస్తుంది. కావాలంటే మీట తిప్పి చూడు, గరగరమంటుంది. నేనే కట్టేసి పెట్టుకుంటాను."

సిరొంకా ఈ మాటలన్నీ బండి కింద వెల్లకిలా పడుకుని అంటున్నాడు. బయటికి కనిపిస్తున్నవి పాత టైరు ముక్కలతో కుట్టిన చెప్పులు, వాటిలో ఎర్రమట్టి పట్టిన పాదాలు మాత్రమే. నరోక్‌లో పెట్రోలు బంకు వెనకున్న రేకుల షెడ్డు అది. మారా రిజర్వు గతుకుల్లో జంతువుల్ని చూపిస్తూ టూరిస్టుల్ని తిప్పే బండికి ఏడాదికి రెండు కమాను పట్టీలు విరగాల్సిందే. ఆయన ఆ పని మెకానిక్కుకి వదలడు.

"మరి నిన్ను చెవిటోడంటారేం అన్నా?"

"అననీ. చెవిటోడంటే మర్యాదగానే ఉంది. నిజం తెలిస్తే ఇంకేమనేవాళ్ళో." ఒక చెయ్యి బయటికొచ్చింది. "ఆ పెద్ద పానా ఇటివ్వు."

పానాతో పాటు నేను తెచ్చిన పాలబుర్ర కూడా ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. సరుకుల బండి మీద వారం వారం తాలెక్ ఊరి వైపు వెళ్ళే నాకు ఇది అలవాటైన పనే. నెలకోసారి సిరొంకా పంపే ముక్కుపొడుం పొట్లం తీసుకెళ్ళి లెపోరె పెద్దాయనకివ్వడం, ఆయన ఇచ్చే పులిసిన పాలబుర్ర తెచ్చి సిరొంకాకివ్వడం. మధ్యలో ఒకళ్ళ కబుర్లు ఒకళ్ళకి చేరేయడం.

"పెద్దాయన ఎలా ఉన్నాడు?"

"రెండో కంటిని కూడా పూర్తిగా పొర కమ్మేసింది. మనవరాలు చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. నేను అయ్యో అంటే నవ్వాడు. 'నా కాళ్ళు తప్పు చేశాయి, కళ్ళు శిక్ష అనుభవిస్తున్నాయి, లెక్క సరిపోయింది' అన్నాడు. ఏం తప్పు నాయనా అంటే చెప్పలేదు."

బండి కింద పానా చప్పుడు ఆగిపోయింది. సిరొంకా జరుక్కుంటూ బయటికొచ్చి, చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు. మొహమ్మీద గ్రీజు మరక. సాగిన చెవి తమ్మెలు, బండి తోలేటప్పుడు అడ్డం రాకుండా చెవి పైకొసకి చుట్టిపెట్టుకునేవి, ఊడి వేలాడుతున్నాయి. వాటిని సర్దుకోలేదు.

"కాళ్ళు అన్నాడా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన చెప్పిందే ఇదంతా.

*

మారాలో టూరిస్టుల బండ్లు తోలేవాళ్ళకి రేడియో అంటే సగం చూపు. అంత గడ్డిమైదానంలో ఒక్కడి కళ్ళకి ఎంత ఆనుతుంది? ఎవరికి ఏది కనిపిస్తే వాళ్ళు మీట నొక్కి చెబుతారు. వెనక కూర్చున్న అతిథులకి అర్థమైతే ముందే ఆశపడి గోల చేస్తారని, అసలు పేర్లు పలకరు. సింహమంటే మీసాలు. ఏనుగంటే చెవులు. నేలమీద పరిగెత్తే చీతా కింది చుక్కలు. చెట్టెక్కి కూర్చునే చిరుతపులి పై చుక్కలు. కనిపించినదాన్ని దాచుకున్నవాణ్ణి ఎవరూ క్షమించరు. అందులో సిరొంకాలా పశువులు మేపే మసాయి తెగవాడైతే మరీనూ. ఎర్రబట్ట కట్టుకుని ఈటె పట్టుకున్న కుర్రతనంలో ఒంటరిగా మాంసం ముట్టకూడదని, తోటివాడు లేకుండా పాలు కూడా తాగకూడదని నేర్చుకుని పెరిగినవాళ్ళు వాళ్ళు. అందుకే రేడియోలో పెద్ద తిట్టు ఒకటే: "ఏరా, ఒంటరిగా తింటున్నావా?"

సిరొంకాకి జంతువుల్ని వెతకడం నేర్పింది మాత్రం రేడియో కాదు, లెపోరె. తండ్రి వరసవాడు, తండ్రి కాడు. మేకలు మేపుకునే ముసలివాడు. తెల్లవారకముందే లేచి నేలమీద రాత్రి రాసి వెళ్ళినదంతా చదివితే తప్ప టీ తాగేవాడు కాదు.

"చిరుతని వెతక్కు కొడకా," అనేవాడు. "అది నీకు దొరకదు. దాన్ని చూసి భయపడేవాళ్ళని వెతుకు. కౌజుపిట్టలు ఊరికే అరవవు. జింక ఒకేవైపు చూస్తూ నిలబడితే, నువ్వు జింకని చూడకు, అది చూసేవైపు చూడు."

బండి జాడని చూసి కూడా వేళాకోళమాడేవాడు. సిరొంకా బండి కుడి ముందు టైరు పక్కన కోసుకుపోతే, రబ్బరు ముక్క అతికించి నడిపేవాడు. మట్టిలో ప్రతి చుట్టుకీ ఒక నొక్కు పడేది. "నీ బండి కుంటి ఆవులాగా నడుస్తుందిరా. మందలో కలిసినా పట్టుకుంటాను."

పదకొండేళ్ళ కిందట, జూలై ఆఖర్లో, ఆ లెపోరె సిరొంకాని రిజర్వు హద్దు అవతలున్న మూడు బండల వాగుకి నడిపించుకుని తీసుకెళ్ళాడు. నీళ్ళు లేని వాగు. ఒడ్డున మూడు పెద్ద రాళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పైన మేడిచెట్టు. గాలికి ఎదురుగా బోర్లా పడుకోబెట్టి చూపించాడు. రాళ్ళ సందులో ఒంటిచెవిది. అది ఆడ చిరుత, ఎడమచెవి ఎప్పుడో ఏ గొడవలోనో పోయింది. దాని పొట్ట దగ్గర రెండు పిల్లలు, ఇంకా కళ్ళలో నీలం పోనివి.

"మొదటి కాన్పు సింహాలు తీసుకున్నాయి," అన్నాడు లెపోరె. "రెండోది వాగు పొంగి కొట్టుకుపోయింది. ఇది మూడోది. ఇక దీనికి ఈడు లేదు."

"నీ మేకలు రెండు తిన్నది ఇదే కదా నాయనా?"

"మూడు. అయితే? నా మేకలు నా గొడవ." రెండు వేళ్ళు చూపించాడు. "రెండు నెలలు. కాళ్ళు నిలిచి చెట్టెక్కేదాకా. నీ రేడియోలో ఈ మాట పడకూడదు."

అని, వంగి పచ్చగడ్డి నాలుగు పరకలు పీకి సిరొంకా చేతిలో పెట్టి, గుప్పిట మూశాడు. గడ్డి ఆవుల ప్రాణం. గడ్డి పట్టుకుని ఇచ్చిన మాట మసాయివాడు జవదాటడు. సిరొంకా అప్పుడు ముప్ఫై అయిదేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఏం చేస్తున్నాడో తెలియనివాడేం కాదు.

"సరే నాయనా," అన్నాడు.

*

ఆగస్టు మూడోవారంలో వచ్చిన అతిథులు ఇద్దరు అక్కచెల్లెళ్ళు, హాలండువాళ్ళు. అక్క పేరు ట్రూస్, డెబ్భై దాటిన రిటైర్డు టీచరు. చెల్లెలు కోరి. ట్రూస్‌కి మోకాళ్ళు వంగవు. బండెక్కేటప్పుడు సిరొంకా చిన్న పీట వేసి, మోచెయ్యి ఆసరా ఇచ్చేవాడు. ఆవిడ దగ్గర చిన్న బొమ్మల పుస్తకం, పెన్సిలు ఉండేవి. కెమెరా లేదు.

"మేడమ్, ఇవాళ ఏం చూడాలనుంది?" అని మొదటిరోజే అడిగాడు. అలా అడగడం రివాజు. అందరూ సింహం, చిరుత అంటూ అయిదు పెద్ద జంతువుల పేర్లు చదువుతారు.

"నీకేది కనిపిస్తే అది," అంది ట్రూస్.

"ఈ మాట నువ్వు గుర్తుపెట్టుకో," అన్నాడు సిరొంకా నాతో, చక్రానికి ఆనుకుని. "తర్వాత నేను అందరికీ ఏం చెప్పానో తెలుసా? అతిథులు పట్టుబట్టారు, చిరుత చూపించకపోతే కుదరదన్నారు అని. పాపం, ఆవిడ ఏమీ అడగలేదు."

ఆ రోజు పొద్దున ఆరింటికి గేటు దాటారు. చలి. అక్కచెల్లెళ్ళు ఒకే దుప్పటి కప్పుకున్నారు. దాటీ దాటకముందే రేడియోలో ముచిరి గొంతు. ఞేరి వైపు కొండల్లోంచి వచ్చిన కికూయు తెగ మనిషి, తనూ బండి తోలేవాడే, సిరొంకాకి అప్పటికే పదేళ్ళ స్నేహితుడు, నోరు ఊరుకోదు.

"మీసాలు, మీసాలు. పెద్ద కుటుంబం. విమానాలు దిగే చోటు దగ్గర. తొందరగా రండి, మొహాలు కడుక్కుని ఫొటోకి కూర్చున్నాయి."

సిరొంకా వెళ్ళేసరికి అవి పొదల్లోకి దూరాయి. ఒక తోక చివర మాత్రం ఈగలు తోలుతూ కనిపించింది. కోరి ఆ తోకని బైనాక్యులర్స్‌తో పావుగంట చూసి, "ఎంత ఓపికగల తోకో," అంది. సిరొంకా నవ్వలేకపోయాడు.

తొమ్మిదింటికి నది దగ్గరికి చేరారు. వైల్డ్‌బీస్టు అనే అడవి ఎద్దుల మందలు అవతలి గడ్డికోసం నది దాటే కాలం. ఎక్కడ దాటతాయన్నది వాటికే తెలియదు. మిగతా బండ్లన్నీ దిగువ మలుపు దగ్గర ఆగాయి. సిరొంకా ఎగువన పెద్ద ఇసుకమేట ఎదురుగా ఆపాడు. "ఇక్కడే దిగుతాయి మేడమ్, నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను."

మంద మూడుసార్లు నీళ్ళదాకా వచ్చింది. మూడుసార్లూ ముందున్నదేదో బెదిరి వెనక్కి తిరిగింది. ఎండెక్కింది. నీటిగుర్రాలు ముక్కులు పైకి పెట్టి ఊదుతున్నాయి. నాలుగు గంటలు కూర్చున్నాక, ఒంటిగంట దాటాక, దిగువ మలుపు వైపు దుమ్ము లేచింది. రేడియోలో ఒకటే కేకలు. సిరొంకా బండి తిప్పుకుని ఎగిరెగిరి పడుతూ వెళ్ళాడు. అక్కడ తడిసిన ఒడ్డు, వేల గిట్టల గుంటలు, తల్లిని పోగొట్టుకుని అరుస్తున్న ఒక దూడ మాత్రమే మిగిలాయి.

"అయ్యో బావా," అంది రేడియో. "ఇప్పుడే గిన్నెలు కడిగేశాం. కొంచెం ముందొస్తే ఎముకైనా దొరికేది."

నవ్వులు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మీట నొక్కి మరీ నవ్వారు.

తుమ్మచెట్టు కింద మధ్యాహ్నం భోజనం అయ్యింది. ఉడకబెట్టిన గుడ్లు, కోడి కాళ్ళు, అరటిపళ్ళు. సిరొంకాకి సయించలేదు. మూడింటికి మళ్ళీ బయలుదేరితే, దారిలో ట్రూస్ "ఆపు ఆపు" అంది. దారి మధ్యలో పేడపురుగు ఒకటి, తనకంటే నాలుగింతల పేడ ఉండని వెనక్కాళ్ళతో నెట్టుకుపోతోంది. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని కిందికి దిగింది. అప్పటికి రిజర్వు హద్దు దాటేశారు, అక్కడ దిగచ్చు. వంగలేక, తలుపు పట్టుకుని నిలబడి బొమ్మ గీస్తోంది. ఉండ ఒక గుంటలో పడింది. పురుగు ఎక్కించడం, అది జారడం, మళ్ళీ ఎక్కించడం. చెల్లెలు ఊపిరి బిగబట్టి చూస్తోంది. నలభై నిమిషాలు గడిచాయి. పురుగు గట్టెక్కినప్పుడు ఇద్దరూ మెల్లిగా చప్పట్లు కొట్టారు.

సరిగ్గా అప్పుడే ముచిరి బండి పక్కనుంచి వెళ్ళింది. కిటికీలోంచి చూసి చెయ్యి ఊపాడు. అంతే. దుమ్ము అణిగేలోపలే రేడియో పలికింది.

"అందరూ వినండి. సిరొంకా దొరసానులకి ఇవాళ పేడ చూపిస్తున్నాడు. మంచి పేడ. తాజాది. కావలసినవాళ్ళు రండి."

ఇంకో గొంతు: "మసాయి కళ్ళు ఎవరికైనా అరువిచ్చావా ఏంటి?"

ఇంకోటి: "పొద్దున్నుంచి ఒక తోక, ఒక పురుగు. మొత్తం కలిపితే ఒక జంతువైనా అవుతుందా?"

వెనక ట్రూస్ తన బొమ్మకి నీడలు దిద్దుకుంటోంది. ఆవిడ మొహంలో ఉన్నంత తృప్తి ఆ రోజు మారాలో ఇంకే బండిలోనూ లేదు. అది ఆయనకి అప్పుడు కనిపించలేదు. తన చెవులు కాలుతున్నాయి. అయిదవడానికి పది నిమిషాలుంది. మూడు బండల వాగు అక్కడినుంచి పది నిమిషాల దూరం.

చెయ్యి దానంతటదే వెళ్ళి మీట నొక్కింది.

"పై చుక్కలు," అన్నాడు. "పిల్లలతో."

రేడియో ఒక్కసారిగా మూగబోయింది. ఎవడూ నవ్వలేదు, దగ్గలేదు.

"ఆ నిశ్శబ్దం ఉంది చూశావూ," అన్నాడు సిరొంకా, చేతిలో పానాని తిప్పుకుంటూ. "చెప్పడానికి సిగ్గేస్తోంది. తియ్యగా ఉంది తమ్ముడూ. తేనె తాగినట్టుంది."

తర్వాత ముచిరి గొంతు, వేళాకోళం లేకుండా, మెల్లిగా: "ఎక్కడ బావా?"

సిరొంకా చోటు చెప్పాడు. చెబుతూ, ఒంటరిగా తినకూడదు కదా అని తనకి తను నచ్చజెప్పుకున్నాడు.

*

ముందు తనే చేరాడు. ఒంటిచెవిది సందులోంచి బయటికొచ్చి ఎండ మిగిలిన బండమీద పడుకుంది. పిల్లల్లో ఒకటి తల్లి తోకని పట్టుకోవాలని ఎగురుతోంది, రెండోది పాలు తాగుతోంది. ట్రూస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాలుగు నిమిషాలు. ఆ వాగులో గాలి కూడా లేదు.

తర్వాత దుమ్ము. ఒక బండి, మూడు, ఏడు. అయిదు బండ్లకి మించి దగ్గరికి పోకూడదని నియమం. కానీ ఇంకో గంటన్నరలో చీకటి పడుతుందనగా, రోజంతా చిరుత దొరకనివాళ్ళకి నియమం గుర్తుంటుందా? ఒకడికి మేడికొమ్మ అడ్డమొచ్చిందని వాగు అవతలి ఒడ్డెక్కాడు. వాడి వెనక ఇంకో నలుగురు. ఒంటిచెవిది లేచి నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది.

సిరొంకా మీట నొక్కాడు. "చాలు. ఇక ఎవరూ రావద్దు. అవతలి ఒడ్డు వదలండి, దానికి దారి కావాలి."

"ఏరా," అన్నాడెవడో, "ఒంటరిగా తింటావా?"

మొత్తం ఇరవై మూడు బండ్లు.

చిరుత ఒక పిల్ల మెడ పట్టుకుని బండ దిగింది. చెట్టువైపు బండ్లు, పొదలవైపు బండ్లు. మిగిలింది ఒక్కటే సందు, బోసిగా ఉన్న మైదానంలోకి. ఏ చిరుతా పగలు పోని దారి. కడుపు నేలకి ఆనించి, పిల్ల కాళ్ళు ఊగుతుండగా, రెండు బండ్ల మధ్యనుంచి పరిగెత్తింది. కెమెరాలు టకటకలాడాయి. దాని వెనకే పది బండ్లు కదిలాయి. మిగతావి ఎటూ కదల్లేక అక్కడే ఇరుక్కున్నాయి, వాటిలో సిరొంకాది ఒకటి. రెండో పిల్ల బండమీద ఒంటరిగా నిలబడి అరుస్తోంది. పిట్ట అరిచినట్టు, సన్నగా.

"సిరొంకా," అంది ట్రూస్. "తల్లి దీనికోసం తిరిగి రావాలి కదా. మనం అడ్డం ఉన్నాం. పోదాం."

"దారి లేదమ్మా. వెనక బండ్లున్నాయి."

ఆవిడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఇరుకు విడి బండ్లన్నీ క్యాంపులవైపు పోయేసరికి చీకట్లు ముసురుకుంటున్నాయి. తల్లి రాలేదు. పిల్ల సందులోకి దూరి అరవడం మానేసింది.

క్యాంపులో బండి దిగేటప్పుడు ట్రూస్ ఆయన మోచెయ్యి వదిలి, పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. పేడపురుగు బొమ్మ. చిరుతని ఆవిడ గీయలేదు.

"నేను ఇదొక్కటి చాలనుకున్నాను సిరొంకా," అంది. తిట్టినట్టు లేదు. పిల్లవాడికి తప్పు లెక్క దిద్దే టీచరు గొంతులా ఉంది. "నువ్వు నా కోసం అదంతా చేశావనుకుంటే నాకు నిద్ర పట్టదు. నా కోసం కాదు కదా?"

"కాదమ్మా," అన్నాడు. ఆ రోజంతటికీ ఆయన నోటినుంచి వచ్చిన నిజం అదొక్కటే.

*

మర్నాడు తెల్లారుతూండగానే ఒక్కడే వెళ్ళాడు. బండి దూరంగా ఆపి నడిచాడు. లెపోరె అప్పటికే అక్కడ, గొంతుక్కూర్చుని, కర్రతో నేలని తాకుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఇదిగో, ఇక్కడ తల్లి కూర్చుంది," అన్నాడు, పాఠం చెబుతున్నట్టు. "రాత్రి రెండుసార్లు వచ్చింది. రెండోసారి చాలాసేపు. ఇక్కడ వాసన చూసింది. ఇదిగో, ఇవి దుమ్ములగొండివి. అది ముందే వచ్చి వెళ్ళిపోయింది."

రాళ్ళ సందులో నలిగిన గడ్డి తప్ప ఏమీ లేదు.

చుట్టూ నేలంతా బండి జాడలే, ఒకదానిమీద ఒకటి, జల్లెడలా. ముసలాయన వాటి మధ్య మెల్లిగా నడిచాడు. అప్పటికి ఆయన చూపు గద్ద చూపు. ఒకచోట ఆగాడు. అక్కడ, అన్నిటికంటే అడుగున, మిగతా జాడలు తొక్కెయ్యగా మిగిలిన మూరెడు మేర, తన కుడి ముందు టైరు నొక్కు. సిరొంకాకి కనిపించింది. ముసలాయన దానివైపే చూస్తున్నాడో, దాని అవతలికి చూస్తున్నాడో తెలియలేదు.

"రెండురోజులకోసారి వచ్చి చూసిపోయాను," అన్నాడు లెపోరె. "ఉండబట్టలేక. నా కాలిబాట ఇక్కడిదాకా పడింది, చూడు ఎంత తెల్లగా ఉందో. దాన్ని పట్టుకునే ఎవడో వచ్చుంటాడు. ముసలితనంలో నాకెందుకురా ఈ చాపల్యం?"

చెప్పాల్సిన క్షణం అది. సిరొంకా నోరు తెరిచాడు కూడా.

లెపోరె తన అరచేతిలో తుంపరగా ఉమ్మాడు. పెద్దవాళ్ళు దీవించేటప్పుడు చేసేట్టు. ఆ చేత్తో సిరొంకా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు గడ్డి పట్టుకున్న మనిషివి. నీ నోరు గట్టిది. నీ మంద పెరగాలి."

చెయ్యి వెనక్కి లాక్కోలేదు సిరొంకా. దీవెన పుచ్చుకున్నాడు. తలవంచుకుని, దొంగసొమ్ము పుచ్చుకున్నట్టు పుచ్చుకున్నాడు.

"ఇంటికెళ్ళేదాకా ఆ చెయ్యి స్టీరింగు మీద పెట్టలేదు," అన్నాడు నాతో. "ఎడంచేత్తో తోలాను. గేర్లు మార్చడానికి స్టీరింగు వదిలేయాల్సొచ్చింది. నవ్వొస్తుంది కదా?"

నాకు నవ్వు రాలేదు.

రేడియో ఆ రోజే కట్టేశాడు. అయితే అది ప్రాయశ్చిత్తం కాదని ఆయనకీ తెలుసు. "నోరు చేసిన తప్పుకి చెవులు మూసుకున్నాను, అంతే." లెపోరె దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. వెళితే చెయ్యి కలపాలి. బదులుగా నెలనెలా పొడుం పంపాడు. ఏడాది తర్వాత ఒంటిచెవిది ఒక ఎదిగిన కూతురితో నదికి అవతల కనిపించింది. ఒకటి బతికింది. తనవైపు చెప్పుకోదగ్గ మాట ఆ ఒక్కటే, అయినా దాన్ని పెద్దాయనకి చేరవేయలేదు. ఆ ఒక్కటి చెబితే రెండోది కూడా చెప్పాలి.

"ఆయన ఆ టైరు నొక్కు చూశాడంటావా అన్నా?"

సిరొంకా గ్రీజు పట్టిన గోళ్ళవైపు చూసుకున్నాడు.

"చూశాడని కొన్నాళ్ళనుకున్నాను. చూశాడు, తెలుసు, నన్ను కాపాడటానికి నింద తనమీద వేసుకున్నాడు, కాబట్టి నేను చెప్పక్కర్లేదు. చూడలేదని కొన్నాళ్ళనుకున్నాను. తెలియదు, నాగురించి మంచిగానే అనుకుంటున్నాడు, కాబట్టి చెప్పక్కర్లేదు. ఎటు తిప్పినా నాకు అనుకూలంగానే వచ్చేది. పదకొండేళ్ళు అలా తిప్పాను." పానా కింద పెట్టాడు. "తన కాలిబాటే కారణమని ఆయన నిజంగానే నమ్మాడని, నమ్మి కళ్ళు పోవడం కూడా దానికే జమకట్టుకున్నాడని ఇవాళ నువ్వు చెప్పాకే తెలిసింది. మేకల వెనక నడవడం ఎప్పుడు మానేశాడు?"

"నాకు తెలిసినప్పటినుంచీ దడి దాటి రాడు."

"నడకంటే ప్రాణం ఆయనకి," అన్నాడు సిరొంకా. అని లేచి, బండిలోకి వంగి, ఎండ కళ్ళలో పడకుండా దించుకునే రేకు వెనకనుంచి మడత పెట్టిన కాగితం తీశాడు. అంచులు పచ్చబడ్డాయి. విప్పి చూశాడు. పేడపురుగు ఉండని గుంటలోంచి నెడుతోంది. మళ్ళీ మడిచి అక్కడే పెట్టేశాడు. పాలబుర్ర మూత తీసి రెండు గుక్కలు తాగి నాకిచ్చాడు. తాగాను.

నేను మర్నాడు తాలెక్ వైపు వెళ్ళేది ఆయనకి తెలుసు. ఎప్పటిలా పొడుం పొట్లం కోసం చెయ్యి చాపాను.

"ఈసారి పొడుం లేదు," అన్నాడు. "ఊరికే ఒక మాట. శనివారం సిరొంకా వస్తున్నాడని చెప్పు. ఎందుకని అడుగుతాడు, నువ్వు చెప్పకు. నేను చెప్పిందాంట్లో ఒక్క ముక్క కూడా నీ నోటినుంచి రాకూడదు. నువ్వు చెప్పేస్తే నాకు మళ్ళీ సులువైపోతుంది."

"సరే అన్నా."

"నేను వచ్చిన అలికిడి వినగానే ఆయన చెయ్యి చాపుతాడు. అలవాటు. అరచేతిలో ఉమ్మి మరీ చాపుతాడు." సిరొంకా తన కుడిచేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు, ఇంకోసారి తుడుచుకున్నాడు. "ముందు నా మాట వినమను తమ్ముడూ. విన్నాక ఇవ్వాలనిపిస్తే చెయ్యి ఇవ్వమను. అది మాత్రం మర్చిపోకుండా చెప్పు. ఇక బయలుదేరు, కొండమీద మబ్బు పట్టింది."